అన్నయ్య గారి ఉపకారం, మా అబ్బాయి గంటలు

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉంటున్న ఒక తల్లి నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. ఎవరినీ గుర్తుపట్టే వీల్లేకుండా కుదించి చెబుతాను.

వాళ్ల బాబుకి 11 ఏళ్లు, ఆటిజం ఉంది. మాటలు పదిహేను, ఇరవైకి మించి రావు. పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చాక ఎన్‌డీఐఎస్‌కి, అంటే వైకల్యం ఉన్నవాళ్ల సేవలకు ఆస్ట్రేలియా ప్రభుత్వం డబ్బిచ్చే పథకానికి, దరఖాస్తు పెడదామనుకున్నారు కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అప్పుడు తెలుగువాళ్ల కార్యక్రమాల్లో పరిచయమైన ఒకాయన దగ్గరుండి కాగితాలన్నీ పూర్తి చేయించారు. డాక్టర్ రిపోర్టుల్లో ఏం ఉండాలో చెప్పారు, మీటింగ్‌లో పక్కన కూర్చున్నారు, ఒక్క డాలరు కూడా తీసుకోలేదు. ఆయన్ని వీళ్లు 'అన్నయ్య' అంటారు. ప్లాన్, అంటే బాబుకి ఏ సేవలకు ఎంత డబ్బో రాసిన మంజూరు, చేతికొచ్చాక సేవలన్నీ ఆయన నడిపే సంస్థకే అప్పజెప్పారు. సేవలను కుదిర్చిపెట్టే సపోర్ట్ కోఆర్డినేటర్ ఆయన భార్య. ఇంటికొచ్చి బాబును చూసుకునే సపోర్ట్ వర్కర్లు వాళ్ల మనుషులే. స్పీచ్ థెరపీ కూడా వాళ్ల దగ్గరే. బిల్లులు చెల్లించే ప్లాన్ మేనేజర్ మాత్రం వేరే సంస్థ.

మొదట్లో బాగానే సాగింది. తర్వాత ఎనిమిది నెలల్లో ఐదుగురు వర్కర్లు మారారు. వర్కర్ ఐదున్నరకే వెళ్లిపోయిన రోజున టైమ్‌షీట్‌లో ఆరున్నర అని ఉంటోంది. అడిగితే "స్కూల్ సెలవుల్లో ఆ గంటలు సర్దుతాంలే చెల్లెమ్మా" అన్నారు. సెలవులు వచ్చాయి, అయిపోయాయి. నెల మొదట్లోనే ఖాళీ టైమ్‌షీట్ల మీద సంతకాలు పెట్టించుకుంటున్నారు. స్పీచ్ థెరపిస్టు నెలకోసారి కనిపిస్తే గొప్ప, మిగతా వారాలు ఒక అసిస్టెంట్ వచ్చి వెళ్తోంది. పోయిన నెల ప్లాన్ మేనేజర్ నుంచి మెయిల్ వచ్చింది: మూడు నెలలు సరిపోవాల్సిన డబ్బు తొమ్మిది వారాలకే అడుగంటిందని.

చివరి పేరా ఆమె మాటల్లోనే: "మా ఆయన, 'వాళ్లు లేకపోతే మనకు ప్లానే లేదు. రేపు ఉగాదికి మొహాలు చూసుకోవాలి, వదిలెయ్' అంటారు. కంప్లయింట్ చేస్తే ప్లాన్ తగ్గించేస్తారని ఎవరో భయపెట్టారు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇప్పుడొస్తున్న వర్కర్. మన వైపు అమ్మాయే, ఇక్కడ చదువుకుంటోంది. మా వాడు ఆమెను 'అక్క' అంటాడు. ఈ ఏడాది వాడికి వచ్చిన కొత్త మాట అదొక్కటే. మంగళవారం, గురువారం నాలుగయ్యేసరికి ఆమె మా ఇంట్లో వేసుకునే చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర జతగా పెడతాడు. ఆ సంస్థను మానేస్తే ఆమె కూడా పోతుంది. ఏం చేయమంటారు?"

అమ్మా,

మీ ఆయన మాటతోనే మొదలుపెడతాను. మిగతా చిక్కులన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. "వాళ్లు లేకపోతే ప్లానే లేదు" అన్నారాయన. ఆ సాయం చిన్నది కాదు. కొత్త దేశంలో, భాష వచ్చినా పద్ధతి తెలియని చోట, ఒక మనిషి పక్కన కూర్చుని కాగితాలు నింపించడం ఎంత ధైర్యమో నాకు తెలుసు. కానీ ఆయన దారి చూపించారు, అంతే. ప్లాన్ వచ్చింది మీ అబ్బాయికి అర్హత ఉంది కాబట్టి. 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఆ డబ్బు వాడి పేరున, వాడి అవసరాల కోసం ఇస్తారు. ఉపకారం పొందింది మీరిద్దరూ. ఆ రుణం మీరే తీర్చుకోండి: ఇంటికి పిలిచి భోజనం పెట్టండి, వాళ్లకు కష్టం వస్తే ముందు నిలబడండి. వాడి గంటల్లోంచి మాత్రం తీర్చకండి. వాడి తరఫున చూసుకోమని ఆ గంటలు మీ చేతికిచ్చారు. ఇంకొకరికి ధారపోసే హక్కు మీకు లేదు.

గట్టిగా చెబుతున్నానని బాధపడకండి. ఇంకో గట్టి మాట కూడా చెప్పాలి. ఖాళీ టైమ్‌షీట్ల మీద సంతకం ఈ వారంతోనే ఆపేయండి. మీరు ఏ దారి ఎంచుకున్నా సరే, ఇది మాత్రం వాయిదా వేసేది కాదు. జరిగిన సేవకే బిల్లు వేయాలన్నది ఎన్‌డీఐఎస్ మొదటి నియమం. ఇప్పుడు బిల్లు వేసి సెలవుల్లో సర్దడమనే పద్ధతే అందులో లేదు. రేపు ఎవరైనా లెక్కలు తీస్తే, రాని గంట వచ్చినట్టు రాసిన కాగితం మీద ఉండేది మీ సంతకం. దీన్ని గొడవ లేకుండా చెప్పే మార్గం ఉంది, పైగా అది నిజం కూడా: "మా డబ్బు తొమ్మిది వారాలకే అయిపోతోంది అన్నయ్యా, లెక్క నేనే చూసుకోవాలి. ఇకమీదట షిఫ్ట్ అయిన రోజే టైమ్ చూసి సంతకం పెడతాను." ఎవరినీ ఏమీ అనడం లేదు. దానికే ఆయన నొచ్చుకుంటే, ఆ నొచ్చుకోవడమే మీకు చాలా సంగతులు చెబుతుంది.

అయితే ఆయన మోసం చేస్తున్నారని ఇప్పుడే తీర్మానించుకోకండి. టైమ్‌షీట్‌లో కనిపించే తేడాకు కొన్నిసార్లు సరైన కారణం ఉంటుంది. వర్కర్ ప్రయాణ సమయానికి కొంత బిల్లు వేసే వీలుంది, సిటీల్లో అరగంట వరకు. ముఖాముఖి కాకుండా చేసే పనికి, అంటే నోట్స్ రాయడం లాంటి వాటికి కూడా బిల్లు వేయొచ్చు. సపోర్ట్ వర్కర్ షిఫ్ట్‌ని మీరు ఏడు పూర్తి రోజుల ముందు చెప్పకుండా రద్దు చేస్తే, ఆ వర్కర్‌కి అదే సమయానికి వేరే పని దొరక్కపోతే, మొత్తం డబ్బు వసూలు చేసుకోవచ్చు. కానీ ఇవన్నీ ముందుగా మీతో మాట్లాడి ఒప్పుకున్నవై ఉండాలి. బిల్లులో వాటిని వాటిలాగే చూపించాలి. ప్రయాణాన్ని ప్రయాణమని రాయాలి, ఇంట్లో కూర్చున్న గంట కింద రాయకూడదు. వాళ్లే షిఫ్ట్ రద్దు చేస్తే మీ దగ్గర ఏమీ తీసుకోకూడదు.

కాబట్టి ముందు కాగితాలు తెప్పించుకోండి. ప్లాన్ మేనేజర్‌కి మెయిల్ పెట్టి, గత ఆరు నెలల ఇన్‌వాయిస్‌లు, ఏ బడ్జెట్‌లో ఎంత ఖర్చయిందో చూపే స్టేట్‌మెంట్ అడగండి. ఇవ్వడం వాళ్ల పని. అందుకు వాళ్లకిచ్చే ఫీజు ప్లాన్‌లో విడిగా ఉంటుంది, బాబు గంటల్లోంచి పోదు. ఇకమీదట ప్రతి ఇన్‌వాయిస్ చెల్లించే ముందు మీకు పంపి, మీరు సరేనన్నాకే కట్టమని అదే మెయిల్‌లో రాయండి. వాళ్ల పద్ధతిలో అది కుదిరితే చాలా తలనొప్పి తప్పుతుంది. మీ పేరుతో మైగవ్ (ప్రభుత్వ సేవల వెబ్‌సైట్) ఖాతాకి మై ఎన్‌డీఐఎస్ పోర్టల్ కలుపుకొని ఉండకపోతే అది కూడా చేయండి. లాగిన్ అన్నయ్య వాళ్ల దగ్గర ఉంటే పాస్‌వర్డ్ మార్చేయండి. మీ బాబు బ్యాంకు పాస్‌బుక్ పొరుగింట్లో పెట్టరు కదా.

స్టేట్‌మెంట్ వచ్చాక క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడండి. మీ ఫోన్‌లో "ఈరోజు రాలేదు", "లేట్ అవుతుంది" అన్న మెసేజ్‌లు ఉంటాయి. అవే మీ సాక్ష్యం. ముఖ్యంగా స్పీచ్ థెరపీ వరస జాగ్రత్తగా చూడండి. ఎన్‌డీఐఎస్ 2025-26 ధరల పట్టికలో స్పీచ్ పాథాలజిస్ట్‌కి, అంటే స్పీచ్ థెరపిస్టుకి, గంటకు గరిష్ఠ ధర 193.99 డాలర్లు. థెరపీ అసిస్టెంట్‌కి ధర అందులో సగం కూడా ఉండదు, దానికి వేరే కోడ్ ఉంటుంది. అసిస్టెంట్ రావడం తప్పేమీ కాదు. థెరపిస్టు రాసిచ్చిన అభ్యాసాలు వారం వారం చేయించడానికి ఒక్కోసారి అదే మంచిది, డబ్బు కూడా మిగులుతుంది. అసిస్టెంట్ వచ్చిన గంటకు థెరపిస్టు ధర పడిందా అన్నదే ప్రశ్న. పడి ఉంటే, మీ డబ్బు తొమ్మిది వారాల్లో ఎందుకు కరిగిందో సగం అక్కడే తేలిపోతుంది. వర్కర్ ధర కూడా చూడండి. అదే పట్టికలో మామూలు రోజు పగటి పూటకు గంటకు గరిష్ఠం 70.23 డాలర్లు. గరిష్ఠం అంటే అంతకు మించి వేయకూడదని. అంతే వేయాలని రూలేమీ లేదు. చాలామంది తల్లిదండ్రులు దాన్ని ప్రభుత్వం ఖరారు చేసిన రేటు అనుకుని బేరమాడే ఊసే ఎత్తరు.

ఈ మూడు నెలల సంగతి కూడా అర్థం చేసుకోండి. 2025 మే నుంచి కొత్తగా వస్తున్న ప్లాన్లలో డబ్బు ఒక్కసారిగా కాకుండా విడతలుగా, ఎక్కువగా మూడేసి నెలలకు, విడుదలవుతోంది. ఒక విడతలో మిగిలింది అదే ప్లాన్‌లో తర్వాతి విడతకు కలుస్తుంది. అయిపోతే మాత్రం వచ్చే విడత ముందుగా రాదు. ఆ ఖాళీ వారాల్లో కూడా షిఫ్టులు నడిపించి బిల్లు మీ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. అందుకే ఆ విడత తేదీ వరకు ఏయే షిఫ్టులు ఉంచాలో, వేటిని ఆపాలో ఇప్పుడే మాట్లాడి మెయిల్‌లో రాయించుకోండి.

ఇక దారులు. నాకు మూడు కనిపిస్తున్నాయి. మూడూ ఒకదాని తర్వాత ఒకటి కూడా కావచ్చు.

మొదటిది, అక్కడే ఉండి పద్ధతి మార్చుకోవడం. సర్వీస్ అగ్రిమెంట్ కాపీ అడగండి. లేకపోతే రాయమనండి. ఎన్ని గంటలు, ఏ ధర, ప్రయాణానికి ఎంత, రద్దుకి ఏమిటి, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇవి అందులో ఉండాలి. లాభం ఏమిటంటే బాబు దినచర్య కదలదు, అక్క ఉంటుంది, మొహాలు చెడవు. నష్టం ఏమిటంటే, సేవ చేసేదీ వాళ్లే, ఆ సేవ సరిగా ఉందో లేదో చూడాల్సిన కోఆర్డినేటర్ కూడా వాళ్లే. మీరు ఒక్కరే కాపలా కాయాలి. ఎన్నాళ్లు కాయగలరు?

అందుకే నా మనసు రెండో దారి వైపు మొగ్గుతోంది. మిగతావన్నీ అలాగే ఉంచి, ముందు కోఆర్డినేటర్ని మార్చడం. సపోర్ట్ కోఆర్డినేటర్ ఉండేది మీకు నాలుగు చోట్ల ఏముందో చూపించి, మీ తరఫున ప్రొవైడర్లతో మాట్లాడి, మీరే సొంతంగా నడుపుకునేలా నేర్పడానికి. ఆవిడ మంచి మనిషే కావచ్చు. కానీ భర్త సంస్థ బిల్లు తప్పుగా ఉందని ఆవిడ మీకు ఎలా చెబుతుంది? ఆవిడను ఆ ఇరకాటంలో పెట్టడం ఆవిడకూ న్యాయం కాదు. ఇలాంటి ప్రయోజనాల ఘర్షణ ఉంటే ముందే మీకు చెప్పాలి, వేరే సంస్థల పేర్లు కూడా ఇవ్వాలి. ఇచ్చారా? కోఆర్డినేటర్ మారినంత మాత్రాన వర్కర్లు మారక్కర్లేదు, అది వేరే బడ్జెట్. కొత్తవాళ్లు కుదిరాక 1800 800 110కి ఫోన్ చేసి ఎన్‌డీఐఎస్‌ని నడిపే ఏజెన్సీ రికార్డులో పేరు మార్పించుకోండి. ఇంగ్లిష్‌లో ఇబ్బందైతే 131 450కి చేస్తే తెలుగు దుబాసీని ఉచితంగా కలుపుతారు. అన్నయ్య వాళ్లకు చెప్పడం కూడా ఇక్కడ తేలిక: "వదినగారికి అన్ని పనులూ మీద పడుతున్నాయి, దీన్ని బయటివాళ్లకు ఇస్తున్నాం." కొంచెం ముఖం చిన్నబుచ్చుకుంటారేమో. ఫర్వాలేదు.

ఆ తర్వాత స్పీచ్ థెరపీ. మంచి థెరపిస్టుల దగ్గర వెయిటింగ్ లిస్టు నెలల తరబడి ఉంటుంది. మారాలా వద్దా అని తేల్చుకునే లోపే రెండు చోట్ల పేరు రాయించి పెట్టండి. పేరు రాయించడం అంటే మాట ఇచ్చేసినట్టు కాదు.

మూడోది, పూర్తిగా బయటికి రావడం. అగ్రిమెంట్‌లో ఉన్నన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. కొత్తవాళ్లు ఖాయం కాకుండా నోటీసు ఇవ్వకండి. కోపంలో మానేసి, ఆ తర్వాత మూడు నెలలు ఒక్క మనిషి కూడా లేక తల్లి ఉద్యోగం మానేసిన ఇళ్లు ఉన్నాయి.

కొత్తవాళ్లను వెతికేటప్పుడు వెబ్‌సైట్ల అందం చూడకండి. ఫోన్‌లో ఒక ప్రశ్న వేయండి: "మా వర్కర్‌కి ఒంట్లో బాగోకపోతే ఆ రోజు ఎవరొస్తారు, నాకు ఎన్ని గంటలకు తెలుస్తుంది?" దీనికి తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లకు పని నడపడం తెలుసు. "మేం చూసుకుంటామండీ" అనేవాళ్ల దగ్గర మీరు ఇప్పుడు పడుతున్నదే మళ్లీ పడతారు. వర్కర్ని ముందు మీ ఇంటికి పంపి పరిచయం చేస్తారా, ఆ గంటకు డబ్బు తీసుకుంటారా అడగండి. రిజిస్టర్డ్ ప్రొవైడర్ (సేవలందించే సంస్థ) అయితే, సేవల నాణ్యత చూసే ఎన్‌డీఐఎస్ కమిషన్ ఆడిట్ కింద ఉంటారు. మీది ప్లాన్ మేనేజర్ నడిపే ప్లాన్ కాబట్టి రిజిస్టర్ కానివాళ్లను కూడా పెట్టుకోవచ్చు. కమిషన్ ప్రవర్తనా నియమావళి వాళ్లకూ వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన మంచివాళ్లని కాదు, లేనంత మాత్రాన చెడ్డవాళ్లని కాదు. ఎవరైనా సరే, ఎన్‌డీఐఎస్ వర్కర్ స్క్రీనింగ్, పిల్లలతో పనిచేసే చెక్ చూపించమనండి. తెలుగువాళ్లయినా సరే, తెలిసినవాళ్లు పంపినా సరే. ఇక్కడ మొహమాటపడొద్దు.

ఎవరైనా "అన్నీ మీరే సెల్ఫ్ మేనేజ్ చేసుకోండి, హాయి" అని సలహా ఇవ్వొచ్చు. కొందరికి అది నిజంగా బాగుంటుంది. మీకు ఇప్పుడే వద్దంటాను. బిల్లులు మీరే కట్టి, క్లెయిమ్ చేసి, రసీదులు ఐదేళ్లు దాచాలి. ముందు ఇన్‌వాయిస్ చదవడం చేతికి అలవాటు కానివ్వండి. తర్వాత కావాలంటే ఒక్క భాగానికే మార్చుకోవచ్చు, మొత్తం మార్చాలని లేదు.

కంప్లయింట్ భయం గురించి. ప్లాన్‌లో ఎంత ఇవ్వాలో తేల్చేది ఏజెన్సీ. ప్రొవైడర్ల మీద ఫిర్యాదులు వినేది పైన చెప్పిన కమిషన్, పూర్తి పేరు క్వాలిటీ అండ్ సేఫ్‌గార్డ్స్ కమిషన్, నంబరు 1800 035 544. రెండూ వేర్వేరు సంస్థలు. ప్రొవైడర్ మీద ఫిర్యాదు చేశారని ఎవరి ప్లానూ కోయరు. పేరు చెప్పకుండా కూడా చెప్పొచ్చు. మీరు ముందు ప్రొవైడర్‌కే రాతపూర్వకంగా చెప్పి చూడొచ్చు, కానీ అది తప్పనిసరి కాదు. లెక్కల్లో నిజంగా రాని గంటలు పదేపదే కనబడితే మాత్రం అది మీ రెండు కుటుంబాల మధ్య విషయం కాదు, దానికి ఏజెన్సీ ఫ్రాడ్ లైన్ 1800 650 717 ఉంది. ఆ ఫోన్ చేస్తే ఉగాదికి మొహాలు చూసుకోలేరు, అది ఖాయం. చేయకపోతే, మీలాగే ఖాళీ కాగితాల మీద సంతకం పెడుతున్న ఇంకో తల్లి ఉండొచ్చు. ఆ బరువు తూచుకోవాల్సింది మీరూ మీ ఆయనా కలిసి. ఒంటరిగా తేల్చుకోలేకపోతే డిసెబిలిటీ గేట్‌వే, 1800 643 787, మీ పక్షాన మాట్లాడే ఉచిత అడ్వకేట్ (లాయర్ అని కాదు) దగ్గరికి పంపుతుంది. వాళ్లు ఏ ప్రొవైడర్ మనుషులూ కారు.

ఇక ఆ అమ్మాయి. మీ ఉత్తరంలో ఆ చెప్పుల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. మీరు ఏం చేసినా ఆమెను మధ్యలోకి లాగకండి. "ఆ రోజు ఐదున్నరకే వెళ్లావు కదా, చెప్పు" అని సాక్ష్యం అడగొద్దు. స్టూడెంట్ వీసా మీద ఉంటే సెమిస్టర్ నడుస్తున్న రోజుల్లో పక్షానికి 48 గంటలే పని చేయగలదు, అందులో ఈ ఉద్యోగం ఆమెకు అద్దె, తిండి. లెక్క తేల్చడానికి మీ మెసేజ్‌లు చాలు. ఆ సంస్థను మానేశాక ఆమె మీ దగ్గరికి రావాలనుకుంటే అది ఆమె నిర్ణయం కావాలి. తన కాంట్రాక్టులో ఏముందో ఆమె చదువుకోవాలి. కొత్త సంస్థలో ఉద్యోగిగా చేరి మీ ఇంటికి రావడం ఆమెకు క్షేమం. సొంతంగా ఏబీఎన్ (వ్యాపార నంబరు) తీసుకుని నేరుగా వస్తే చేతికి గంటకు ఎక్కువ రావచ్చు కానీ బీమా, పన్ను, జబ్బు చేసిన రోజు, అన్నీ ఆమె నెత్తినే. మీకు చవక అని ఆ వైపు తోయకండి.

చదువు అయిపోయాక ఆమె ఏదో ఒక రోజు వెళ్లిపోతుంది కూడా, అన్నయ్య సంస్థ ఉన్నా లేకపోయినా. అందుకే ఇప్పటినుంచే ఒక ఏర్పాటు చేసుకోండి. ఆమె ఉండగానే రెండో మనిషిని వారానికి ఒక రోజు అలవాటు చేయండి. మొదటి రెండు మూడు సార్లు ఇద్దరూ కలిసి ఉండేలా అడగండి, దానికి గంటలు ఎన్ని పడతాయో లెక్కలో ముందే వేసుకోండి. బాబు క్యాలెండర్‌లో మంగళవారం అక్క ఫొటో, గురువారం కొత్త మనిషి ఫొటో పెట్టండి. కొత్త మనిషికి కూడా ఒక జత చెప్పులు కొని వాడికి అందేలా ఉంచండి. గుమ్మం దగ్గర పెట్టాలో వద్దో వాడినే చూసుకోనివ్వండి.